జీడిపప్పు లెక్కా, మోల్ లెక్కా: ప్లస్ టూ కెమిస్ట్రీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఆంధ్రా సరిహద్దుకి ఇటువైపు, ఒడిశా నుంచే వచ్చాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం పిల్లలు రాశారు, ఇద్దరు ముగ్గురు అమ్మానాన్నలు కూడా రాశారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు అన్న మాట ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక మూల ఉంది. నేనూ ఇక్కడే పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి ఆ ఇబ్బంది నాకు బాగా తెలుసు. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. మోల్ దగ్గరే ఆగిపోయాను. ఒకసారి అది సంఖ్య అంటారు, ఒకసారి బరువు అంటారు, ఇంకోసారి 22.4 లీటర్లు అంటారు. వీటిలో ఏది మోల్? మా అమ్మ జీడిపప్పు పనికి వెళ్తుంది, ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు.

ఎందుకు లేరమ్మా, మీ అమ్మనే అడుగు. "డబ్ల్యూ 320 అంటే ఏంటమ్మా?" అని అడిగి చూడు. ముక్కలు కాని తెల్ల గుండు పప్పు ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 దాకా తూగితే ఆ గ్రేడు 320. అదే 240 గ్రేడు అయితే పౌనుకి 220 నుంచి 240 పప్పులే తూగుతాయి, ఎందుకంటే పప్పు పెద్దది. బస్తాలో ఎన్ని పప్పులున్నాయో ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు, తూకం వేస్తారు, గ్రేడు తెలుసు కాబట్టి లెక్క తెలిసిపోతుంది. మోల్ అంతా ఈ ఒక్క పనిలోనే ఉంది: లెక్కపెట్టలేనంత చిన్నవాటిని తూచి లెక్క తెలుసుకోవడం.

ఇప్పుడు దీన్ని కొంచెం తిప్పి చూడు. ఎవరో వచ్చి "నాకు పౌను లెక్క వద్దు, సరిగ్గా 320 పప్పులు కావాలి" అన్నారనుకో. 320 గ్రేడులో అయితే ఒక పౌను, 454 గ్రాములు ఇస్తే సరిపోతుంది. 240 గ్రేడులో అవే 320 పప్పులు ఇవ్వాలంటే దాదాపు 605 గ్రాములు తూచాలి. సంఖ్య ఒకటే, బరువులు వేరు. కార్బన్ ఒక మోల్ 12 గ్రాములు, ఆక్సిజన్ పరమాణువులు ఒక మోల్ 16 గ్రాములు అని పుస్తకంలో ఉన్నది సరిగ్గా ఇదే మాట. కార్బన్ పరమాణువు తేలిక గ్రేడు, ఆక్సిజన్ పరమాణువు కాస్త బరువైన గ్రేడు, రెండు చోట్లా ఉన్న పరమాణువుల సంఖ్య మాత్రం ఒకటే.

కాబట్టి నీ ప్రశ్నకి సూటిగా జవాబు: మోల్ అంటే సంఖ్యే. డజను అంటే 12, మనం పుంజీ అన్నా ఒడియాలో గండా అన్నా 4, అలాగే మోల్ అంటే 6.022 ఇంటూ 10 ఘాతం 23. గ్రాములూ లీటర్లూ ఆ సంఖ్య దగ్గరికి చేరే దారులు మాత్రమే. ఇదివరకు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అంత అని నిర్వచనం చెప్పేవారు, 2019 మే 20 నుంచి మాత్రం 6.02214076 ఇంటూ 10 ఘాతం 23 అని సంఖ్యనే ఖాయం చేసేశారు. నీ పాత గైడులో మొదటిది ఉండొచ్చు, కొత్త పుస్తకంలో రెండోది ఉంటుంది, కంగారు పడకు.

పిల్లలు ఎక్కువగా పడే గొయ్యి ఒకటి చెప్తాను. 22.4 లీటర్ల లెక్క వాయువులకే. నీటికి కూడా ఒక మోల్ 22.4 లీటర్లు అని రాసేస్తారు, నేను దిద్దిన పేపర్లలో ఏటా కనీసం పదిమంది అలా రాసేవాళ్ళు. నీరు ఒక మోల్ 18 గ్రాములు, అంటే 18 మిల్లీలీటర్లు, టీ చెంచాతో మూడున్నర చెంచాలకి కాస్త ఎక్కువ. ఈ రాత్రి ఒక గ్లాసులో మూడున్నర చెంచాల నీళ్ళు పోసి చూడు. ఆ అడుగునున్న కాసిని నీళ్ళలోనే అన్ని అణువులున్నాయి.

మోల్ పట్టుబడ్డాక లిమిటింగ్ రియేజెంట్, అంటే ముందు అయిపోయి చర్యని ఆపేసే పదార్థం, అది కూడా వచ్చేస్తుంది. 28 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ కలిపితే అమ్మోనియా ఎంత వస్తుంది? గ్రాములు చూసి హైడ్రోజనే తక్కువ ఉంది, అదే ముందు అయిపోతుంది అనుకుంటే తప్పు. మోల్స్‌లోకి మార్చు: నైట్రోజన్ 1 మోల్, హైడ్రోజన్ 5 మోల్స్. ఒక మోల్ నైట్రోజన్‌కి కావాల్సింది 3 మోల్స్ హైడ్రోజనే. నైట్రోజన్ ముందు అయిపోతుంది, 4 గ్రాముల హైడ్రోజన్ మిగిలిపోతుంది, అమ్మోనియా 34 గ్రాములు వస్తుంది. చివర్లో ఒకసారి కూడి చూసుకో, 34కి 4 కలిపితే 38, మొదట్లో వేసింది కూడా 38. ఈ కూడిక అరనిమిషం పని, తప్పు చేస్తే అక్కడే దొరికిపోతుంది.

ప్రశ్న: మా సార్ 22.4 అంటున్నారు, ఎన్‌సీఈఆర్టీ పుస్తకంలో 22.7 ఉంది. పరీక్షలో ఏది రాయాలి? (గుణుపురం)

రెండూ సరైనవే, పీడనం తేడా అంతే. ఒక మోల్ వాయువు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర, 1 అట్మాస్ఫియర్ పీడనంలో 22.4 లీటర్లు, అదే ఉష్ణోగ్రతలో 1 బార్ దగ్గర 22.7 లీటర్లు. బార్ అట్మాస్ఫియర్ కంటే ఒక పిసరు తక్కువ, నొక్కడం తగ్గింది కాబట్టి వాయువు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది. 1982లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) అంటే 1 బార్ అని మార్చింది, మన గైడులూ నోట్సులూ మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయాయి. ప్రశ్నలో పీడనం ఇస్తే దాన్నే పట్టుకో. ఇవ్వకపోతే "1 బార్ దగ్గర 22.7 తీసుకున్నాను" అని జవాబు పక్కన ఒక ముక్క రాసెయ్.

ప్రశ్న: మాది ఛత్రపురం. సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడం కాదు అంటారు. కానీ ఏమీ మారనప్పుడు ఆగిపోయినట్టే కదా? లె షాటెలియర్ నియమం కూడా బట్టీ పట్టాను కానీ అర్థం కాలేదు.

ఇచ్ఛాపురం దాటే చోట, సరిహద్దు దగ్గర, ఒక గంట నిలబడ్డావనుకో. ఇటు నుంచి అటు వంద మంది వెళ్ళారు, అటు నుంచి ఇటు వంద మంది వచ్చారు. రెండు వైపులా జనాభా లెక్క మారలేదు. ఎవరూ కదలలేదు అనగలవా? మనుషులు మారిపోయారు, లెక్క మారలేదు. సమతాస్థితి అంటే ఇదే. ముందుకి జరిగే చర్య వేగం, వెనక్కి జరిగే చర్య వేగం సమానమయ్యాయి, అంతే. ఇది ఊహ కాదు, చూసిన సంగతే: సంతృప్త చక్కెర ద్రావణంలో, అంటే ఇంక కరగనంత చక్కెర ఉన్న నీటిలో, రేడియోధార్మిక చక్కెర పలుకులు వేస్తే, కొంతసేపటికి రేడియోధార్మికత ద్రావణంలోకీ వస్తుంది. అడుగున ఉన్న చక్కెర బరువు మారదు గానీ పలుకుల్లోంచి అణువులు ద్రావణంలోకి పోతున్నాయి, ద్రావణంలోవి పలుకుల మీదికి చేరుతున్నాయి.

చర్య వేగాన్ని పెంచే ఉత్ప్రేరకం పని కూడా ఆ సరిహద్దులోనే తెలుస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తే రెండు వైపులా రాకపోకలు పెరుగుతాయి, ఒక్క వైపే పెరగవు. అందుకే ఉత్ప్రేరకం సమతాస్థితికి తొందరగా చేరుస్తుంది గానీ సమతాస్థితి స్థానాన్ని మార్చదు. ఈ ఒక్క వాక్యం మీద మల్టిపుల్ చాయిస్ ప్రశ్న రాని ఏడాది నాకు గుర్తు లేదు.

ఇక లె షాటెలియర్ నియమం: సమతాస్థితిలో ఉన్నదాన్ని ఏదైనా మార్పు కదిపితే, ఆ మార్పుని తగ్గించే వైపుకి అది జరుగుతుంది. మీకు దగ్గర్లోనే హుమ్మా ఉప్పు మడులున్నాయి, చూసే ఉంటావు. ఎండకి నీరు ఆవిరవుతూ ఉంటే ఉప్పంతా ఒకేసారి పేరదు. కాల్షియం సల్ఫేట్ ముందు దిగుతుంది, తర్వాత మనం తినే సోడియం క్లోరైడ్, మెగ్నీషియం లవణాలు చివరిదాకా ఆ చేదు నీళ్ళలోనే ఉండిపోతాయి. ఉప్పు గీకి కుప్ప పోసినప్పుడు ఆ నీటిలో కొంత పలుకుల మధ్య ఇరుక్కుపోతుంది. వానాకాలంలో రాళ్ళ ఉప్పు జాడీలో చెమ్మగిల్లడం చూశావు కదా, దానికి కారణం సోడియం క్లోరైడ్ కాదు, ఆ మిగిలిపోయిన మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ గాలిలో తేమని లాక్కోవడం.

ఈ మురికి ఉప్పుని శుద్ధి చెయ్యాలంటే ఏం చేస్తారో చూడు. సంతృప్త ఉప్పు ద్రావణం చేస్తారు, 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. వడగట్టి, అందులోకి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పంపిస్తారు. ద్రావణంలో క్లోరైడ్ అయాన్లు ఒక్కసారిగా ఎక్కువైపోతాయి. సమతాస్థితి ఆ ఒత్తిడిని తగ్గించుకోవాలి, ఎలా? క్లోరైడ్‌ని సోడియంతో కలిపి ఘనపదార్థంగా కిందికి దించేస్తుంది. శుద్ధమైన ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లు ఎక్కువ కరిగే గుణం ఉన్నవి కాబట్టి నీటిలోనే ఉండిపోతాయి. దీన్నే ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు. నువ్వు బట్టీ పట్టిన నియమాన్ని పక్కన పెట్టి, "ఏది ఎక్కువైంది, దాన్ని ఖర్చు పెట్టే వైపు ఏది?" అని మాత్రం అడుక్కో. పీడనం ప్రశ్నలకీ వేడి ప్రశ్నలకీ ఇదే పనికొస్తుంది, వేడిని కూడా ఒక సరుకులా అనుకుంటే చాలు.

ప్రశ్న: పదో తరగతి ఒడియా మీడియంలో చదివాను, అక్కడ జారణ, విజారణ అనేవారు. మా అక్క శ్రీకాకుళం జిల్లాలో ఇంటర్, ఆమె ఆక్సీకరణం, క్షయకరణం అంటుంది. ఇప్పుడు నాకు ఆక్సిడేషన్, రిడక్షన్. మూడూ కలిసి బుర్ర తిరుగుతోంది. (రాయగడ)

బాబూ, నిన్ను తికమక పెడుతున్నది క్షయకరణం అన్న మాట అయి ఉంటుంది. క్షయం అంటే తగ్గడం. కానీ క్షయకరణంలో పదార్థం ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, అంటే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి. మరి తగ్గింది ఏది? ఆక్సీకరణ సంఖ్య, అంటే పరమాణువు మీద ఉన్నట్టు లెక్కవేసే ఆవేశం. ఎలక్ట్రాన్‌కి రుణావేశం, రుణం వచ్చి చేరితే సంఖ్య తగ్గుతుంది. ఇంగ్లీషులో రిడక్షన్‌కీ ఇదే గొడవ.

ఖనిజాల దగ్గర చూస్తే ఆ మాట ఇంకా సులువు. 160 గ్రాముల ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసేస్తే మిగిలే ఇనుము 112 గ్రాములు. బరువు తగ్గింది, క్షయించింది. రాయి నుంచి లోహం వచ్చే ప్రతిచోటా ఇది జరుగుతుంది.

నోట్సు మొదటి పేజీలో మూడు భాషల మాటలూ ఒక వరసలో రాసుకో: ఆక్సీకరణం, జారణ, ఆక్సిడేషన్, ఎలక్ట్రాన్ పోవడం. దాని కింద క్షయకరణం, విజారణ, రిడక్షన్, ఎలక్ట్రాన్ రావడం. అణువు, పరమాణువు, లవణం లాంటి మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ దాదాపు ఒకటే, వాటికి నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింకు ముక్క వేసి నీలం రంగు వెలిసిపోతుంటే చూడు, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అని అడుగు. జింకు ఇచ్చింది, కాపర్ అయాన్ తీసుకుంది. ఇవ్వడం, తీసుకోవడం అన్న రెండు మాటలు నోటికి వస్తే మిగతా మూడు భాషల పేర్లు వాటంతట అవే దారికొస్తాయి.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇక్కడే ప్లస్ టూలో ఇంగ్లీషు మీడియంలో చేర్చాం. కెమిస్ట్రీ అసలు ఎక్కడం లేదంటోంది, రోజూ ఏడుస్తోంది. ఇక్కడ మాన్పించి విశాఖపట్నంలో హాస్టల్ కాలేజీలో వేద్దామా? నీట్ రాయించాలని ఉంది. (గుణుపురం నుంచి ఒక తల్లి)

అమ్మా, మొదట్లోనే ఒక మాట చెప్తాను, మీ అమ్మాయికి రాకపోతున్నది కెమిస్ట్రీ కాదు, ఆ కెమిస్ట్రీ చెప్తున్న ఇంగ్లీషు. ఇవి రెండూ వేరు వేరు కష్టాలు, రెండోదానికి మందు ఉంది. ఊరు మార్చడం వల్ల అది పోదు, అక్కడా క్లాసు ఇంగ్లీషులోనే ఉంటుంది, పైగా ఇంటి బెంగ ఒకటి తోడవుతుంది. చెప్పొచ్చేది ఏమిటంటే, పాఠాల్లో ముఖ్యమైనవన్నీ, అంటే పరమాణు నిర్మాణం, బంధాలు, సమతాస్థితి, ఉష్ణగతికశాస్త్రం, ఎలక్ట్రోకెమిస్ట్రీ, ఆర్గానిక్ మొదలైనవి ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ఒకటే.

ఏం చెయ్యాలంటే, తెలుగు మీడియం ఇంటర్ రసాయనశాస్త్రం పుస్తకాలు శ్రీకాకుళంలోనో పలాసలోనో పాతవైనా సరే సంపాదించండి. రేపటి పాఠాన్ని ఈ రాత్రి తెలుగులో నాలుగు పేజీలు చదివి క్లాసుకి వెళ్ళమనండి. అంతే, అంతకంటే ఎక్కువ వద్దు. మర్నాడు సారు ఇంగ్లీషులో చెప్తుంటే విషయం ముందే తెలుసు కాబట్టి చెవి మాటల్ని మాత్రం పట్టుకుంటుంది. నా దగ్గర ఇలా చేసిన పిల్లలు దసరా సెలవులకి ముందే ఒడ్డున పడ్డారు. చదివింది ఎవరికైనా మన మాటల్లో చెప్పమనండి, మీకే చెప్పమనండి, మీకు కెమిస్ట్రీ రాకపోవడమే మంచిది, ఎందుకంటే మీకు అర్థమయ్యేదాకా చెప్పాలంటే ముందు తనకి అర్థం కావాలి.

వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మీ పక్కనున్న పర్లాకిమిడిలోనే. నోటికి వచ్చే భాషలో అర్థం చేసుకోవడం తక్కువతనం అని ఎవరైనా అంటే మీ అమ్మాయి పట్టించుకోనక్కర్లేదు.

నీట్ గురించి. 180 ప్రశ్నల్లో 45 కెమిస్ట్రీవి. తెలుగులోనూ ఒడియాలోనూ ప్రశ్నపత్రం ఉంటుంది, కానీ ఒక మెలిక ఉంది: తెలుగు పత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు, ఒడిశా కేంద్రం ఎంచుకుంటే ఒడియా లేదా ఇంగ్లీషు, హిందీ లాంటివే దొరుకుతాయి. అప్లికేషన్‌లో భాష, కేంద్రం రెండూ ఒకసారి కలిపి చూసుకోండి, ఆ ఏడాది బులెటిన్ తప్పకుండా చదవండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు, కాబట్టి ఇంగ్లీషు పదాలతో పరిచయం ఎలాగూ అవసరమే. ఏడవనివ్వకండి అమ్మాయిని. మొదటి యూనిట్ టెస్ట్ మార్కులు ఎవరికీ చెప్పకండి.

ప్రశ్న: మా నాన్న దమన్‌జోడి వైపు పని చేస్తారు. ఎర్ర రాయిని కాస్టిక్ సోడాలో ఉడికించి తెల్ల పొడి తీస్తారని చెప్పారు. ఎర్రది తెల్లగా ఎలా అవుతుంది? ఆ పొడి నుంచి అల్యూమినియం ఇక్కడే ఎందుకు తియ్యరు? (కోరాపుట్)

ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషమేసింది, మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా బేయర్ పద్ధతి. పంచపట్‌మాలి కొండ మీది ఆ ఎర్ర రాయి బాక్సైట్, అందులో అల్యూమినాతో, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌తో పాటు ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, ఎరుపు దానిదే. అల్యూమినా ద్విస్వభావం ఉన్న ఆక్సైడ్, అంటే ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. ఐరన్ ఆక్సైడ్ క్షార స్వభావం ఉన్నది, సాటి క్షారమైన కాస్టిక్‌లో కరగదు. కాస్టిక్‌లో వేడి చేస్తే అల్యూమినా సోడియం అల్యూమినేట్‌గా ద్రావణంలోకి వచ్చేస్తుంది, ఇనుము ఎర్ర బురదగా అడుగున మిగులుతుంది. ఎర్రది తెల్లగా మారలేదు, తెల్లదాన్ని ఎర్రదాని నుంచి విడదీశారు. వడగట్టిన ద్రావణంలో కొంచెం అల్యూమినియం హైడ్రాక్సైడ్ విత్తనంగా వేస్తే, పెరుగు తోడు పెట్టినట్టు, మిగతాది దాని చుట్టూ పేరుకుంటుంది. దాన్ని కాలిస్తే తెల్ల పొడి.

రెండో ప్రశ్న ఇంకా మంచిది. అల్యూమినా 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. క్రయోలైట్ అనే ఖనిజాన్ని కరిగించి అందులో కలిపితే 950 డిగ్రీల ప్రాంతంలో పని అవుతుంది, ఆ ద్రవంలోంచి కరెంటు పంపించాలి. నీటిలో కలిపి ఎందుకు చెయ్యకూడదు అని అడుగుతావేమో, నీటిలో చేస్తే అల్యూమినియం బదులు హైడ్రోజన్ వచ్చేస్తుంది. ఇక కరెంటు ఎంత కావాలో నువ్వే లెక్క వెయ్యి: ఒక అల్యూమినియం అయాన్‌కి 3 ఎలక్ట్రాన్లు, అంటే 27 గ్రాములకి 3 మోల్స్ ఎలక్ట్రాన్లు, ఒక్కో మోల్‌కి 96,500 కూలంబులు. కిలో లోహానికి కోటి ఏడు లక్షల కూలంబులు తేలతాయి. అంత కరెంటు బొగ్గు దగ్గర చవక, అందుకే పొడి రైలెక్కి అంగుల్ వెళ్తుంది.

ఈ కరెంటు పద్ధతిని అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ ఒకరికొకరు తెలియకుండా 1886లో కనిపెట్టారు, అప్పటికి ఇద్దరికీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. ఇద్దరూ 1863లో పుట్టారు, పైన చెప్పిన గిడుగు వారు పుట్టిన ఏడే.

ప్రశ్న: తెల్ల చొక్కా మీద పసుపు మరక సబ్బు పెడితే ఎర్రగా ఎందుకు అవుతుంది?

పసుపు ఒక సూచిక, అంటే ఆమ్లమో క్షారమో రంగు మార్చి చెప్పేది. క్షారం తగిలితే ఎర్రబారుతుంది, సబ్బుకి ఆ క్షార గుణం ఉంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినా ఇదే. నిమ్మరసం పిండు, మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది.

ప్రశ్న: ఆర్గానిక్‌లో చర్యలు వందలున్నాయి, ఒకటి చదివితే ఒకటి మర్చిపోతున్నాను. ఎస్ఎన్1, ఎస్ఎన్2 ఎప్పుడూ తారుమారు అవుతాయి. (జయపురం)

వందలు లేవు నాన్నా. ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నదే ప్రశ్న, ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి బాణం గీస్తే సగం చర్యలు నువ్వే రాసెయ్యగలవు. బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్ జంట నుంచే బయలుదేరాలి, ప్లస్ గుర్తు నుంచి గీస్తే తప్పు.

ఎస్ఎన్లు అంటే కార్బన్ మీద ఒక గుంపు పోయి ఇంకో గుంపు వచ్చి చేరే చర్యలు, వాటి సంగతికి బస్సులో సీటు అనుకో. ఒక మనిషి లేచి దిగిపోయాక ఖాళీ సీటులో ఇంకొకడు కూర్చోవడం ఎస్ఎన్1. కూర్చున్నవాణ్ణి ఈ పక్క నుంచి తోస్తూ ఉంటే వాడు ఆ పక్కకి జారిపోవడం ఎస్ఎన్2. మొదటిదానిలో లేవడమే ఆలస్యం, వచ్చేవాడి తొందరతో పని లేదు, అందుకే వేగం ఒక్క పదార్థం మీదే ఆధారపడుతుంది. రెండోదానిలో ఇద్దరూ కావాలి. టెర్షియరీ కార్బన్ చుట్టూ మూడు గుంపులు అడ్డంగా ఉంటే తోసేవాడికి దారి ఉండదు, కాబట్టి అక్కడ ఎస్ఎన్1. ప్రైమరీ దగ్గర ఖాళీ ఉంటుంది, ఎస్ఎన్2. ఆ తోసిన దెబ్బకి గాలివానలో గొడుగు తిరగబడ్డట్టు అణువు ఆకారం తిరగబడుతుంది, దాన్నే ఇన్వర్షన్ అంటారు. రోజుకి రెండు చర్యలు, చూడకుండా, బాణాలతో సహా రాసుకో.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో ఏడాదికి రెండుసార్లే టైట్రేషన్ చేయించారు. వచ్చే నెల ప్రాక్టికల్. పొటాషియం పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం వస్తుందంటున్నారు. రీడింగులు ఎప్పుడూ కలవవు. చాలా టెన్షన్‌గా ఉంది. (బరంపురం)

రెండుసార్లే చేయించడం అన్యాయం, అది నీ తప్పు కాదు. టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కొలవడం, నేను పక్కన నిలబడి చూస్తున్నాను అనుకుని చదువు.

బ్యూరెట్‌లో పర్మాంగనేట్, గాజు కొళాయి ఉన్న బ్యూరెట్ తీసుకో, రబ్బరు గొట్టం ఉన్నది పనికిరాదు, రబ్బరుని అది తినేస్తుంది. ద్రావణం ముదురు ఊదా కాబట్టి అడుగు వంపు కనపడదు, పై అంచు దగ్గరే రీడింగ్ తియ్యి, మొదటిదీ చివరిదీ రెండూ పై అంచు దగ్గరే. పిపెట్‌ని నోటితో పీల్చొద్దు, ఆక్సాలిక్ ఆమ్లం విషం, బల్బు అడుగు. పిపెట్ చివర నిలిచిన ఆఖరి చుక్కని ఊదకు, అది లెక్కలో లేదు.

కుప్పెలో 10 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లం, దానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం. హైడ్రోక్లోరిక్ వెయ్యకూడదు, పర్మాంగనేట్ దాన్ని క్లోరిన్‌గా మార్చేసి నీ రీడింగ్ పెంచేస్తుంది. నైట్రిక్ తనే ఆక్సీకరణి, అదీ వద్దు. వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు. ఇప్పుడు 60, 70 డిగ్రీల దాకా వేడి చెయ్యి, ఆవిరి కనపడాలి, మరగకూడదు.

ఇక్కడ చాలామంది భయపడిపోతారు: మొదటి చుక్కలు వేస్తే గులాబీ రంగు పోదు. అయిపోయిందేమో అని ఆపేస్తారు. ఆగు, కుప్పెని తిప్పుతూ ఉండు. ఆ చర్యలో పుట్టే మాంగనీస్ అయానే ఆ చర్యకి ఉత్ప్రేరకం, అది పుట్టేదాకా ఆలస్యం, పుట్టాక చుక్క పడీ పడగానే రంగు మాయమవుతుంది. కుప్పెలో గోధుమరంగు మడ్డి వస్తే ఆమ్లం తక్కువైంది, లేదా చల్లారిపోయింది, లేదా నువ్వు తొందరపడి వంపేశావు. పారబోసి మళ్ళీ మొదలుపెట్టు. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అదే ఎండ్ పాయింట్, ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయావు. వేరే సూచిక ఏదీ వెయ్యక్కర్లేదు.

లెక్క: 2 మోల్స్ పర్మాంగనేట్‌కి 5 మోల్స్ ఆక్సాలిక్ ఆమ్లం. ఆమ్లం 0.05 మోలార్, 10 మిల్లీలీటర్లు, నీ బ్యూరెట్ రీడింగ్ 9.8 అయితే, 0.05 ఇంటూ 10 ఇంటూ 2 ని, 5 ఇంటూ 9.8 తో భాగించు, 0.0204 మోలార్. రెండు రీడింగులు 0.1 లోపు కలిస్తే చాలు, పక్కవాడి నోట్సు చూసి సరిచెయ్యకు, ఎగ్జామినర్ దగ్గర అసలు విలువ ఉంటుంది.

పని అయ్యాక వేళ్ళ మీద గోధుమరంగు మరకలు ఉంటాయి, మాంగనీస్ డయాక్సైడ్, సబ్బుకి పోదు. ఇంటికెళ్ళి అరచెక్క నిమ్మకాయ రుద్దు, పోతుంది. నిమ్మలోని విటమిన్ సి ఆ మరకతో ఏం చేసిందో, ఎలక్ట్రాన్లు ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో ఒక కార్డు మీద రాసి నాకు పంపు, వచ్చే నెల ఇక్కడ వేస్తాను.